చోటు మార్చిన సంపంగి ఆకు వాలిస్తే

ఇంటికి ఇంకో గది కలపాలన్నా, ప్రహరీ జరపాలన్నా పెరట్లో ఎదిగిన సంపంగిని లేపి ఇంకోచోట నాటాల్సి వస్తుంది. దాని వేర్లు లావుగా, మెత్తగా ఉంటాయి. ఒకసారి తెగితే తొందరగా కోలుకోవు. దేవగన్నేరు ఓర్చుకున్నంత సంపంగి ఓర్చుకోదు. తిరుపతి ఎండకు దాన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

పాదు తడిగానే ఉంది, ఆకు వాలిపోయింది

ఆకు వాలగానే మనం చేసే మొదటి పని పైపు పెట్టడం. దానికంటే ముందు సన్నటి ఇనుప కడ్డీని మొదలుకు జానెడు దూరంలో లోతుగా గుచ్చి తీయండి.

కడ్డీ పొడిగా వస్తే, చుట్టూ పోసిన వదులు మట్టే నీళ్ళన్నీ తాగేస్తోంది, వేర్లు పట్టుకున్న పాత మట్టిముద్ద లోపల ఎండిపోయిందని అర్థం. పాదును ఆ ముద్ద అంచుదాకా కుదించి, సన్నధారగా గంటసేపు నీళ్ళు వదలండి.

కడ్డీ బురదతో, కుళ్ళు వాసనతో వచ్చిందంటే గుంత అడుగున బండ తగిలి నీళ్ళు నిలిచిపోయాయి. వేరుకు గాలి ఆడదు, ఆడని వేరు నీళ్ళు తాగదు. అందుకే నీళ్ళలో ఉండి కూడా ఆకు వాలుతుంది. వెంటనే నీళ్ళు ఆపి, పల్లం వైపు కాలవ తీయండి. పల్లం లేకపోతే చెట్టును మళ్ళీ లేపి, అడుగు ఎత్తు దిబ్బ మీద నాటాల్సిందే. మా చెట్టుకు ఇది తెలియక ఎనిమిది రోజులు రెండు పూటలా పోశాం. మిగిలిన వేర్లు కూడా కుళ్ళిపోయాయి. ఆ బాధ ఇంకా పోలేదు.

ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి

గోటితో కొమ్మ బెరడు గీకండి. లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది. వేర్లలో ఎక్కువ భాగం పాత చోటే ఉండిపోయింది కాబట్టి ఉన్నవి ఇంత ఆకును మోయలేవు. సగం ఆకులు కోసేసి, నెలరోజులు గ్రీన్ నెట్ నీడ కట్టండి. పాదులో చెనక్కాయ పొట్టు మూడంగుళాలు పరచండి, మొదలుకు మాత్రం తగలనివ్వకండి. కొత్త చిగురు నిలదొక్కుకునేదాకా యూరియా జోలికి పోవద్దు.

పడమటి వైపు బెరడు పగిలింది

ఎండదెబ్బ. ఇన్నాళ్ళూ నీడలో ఉన్న వైపు ఇప్పుడు సాయంత్రపు ఎండకు తిరిగింది. గోనెపట్టా చుట్టండి.

చిగురు వేసి మాడిపోయింది

మొదలు పట్టుకుని ఊపి చూడండి. కదిలితే కొత్త వేర్లు ఎప్పటికప్పుడు తెగుతున్నట్టే. మూడు వైపులా తాళ్ళు కట్టండి, తాడు కింద పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టండి. నవంబరు తుపాను గాలులకు ముందే ఇది జరగాలి.

ఇంకా తవ్వనివాళ్ళకు

40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో గడ్డపార ముట్టుకోకండి. ఆగస్టు మబ్బులు మంచివి. రెండు మూడు నెలల ముందే చుట్టూ కాలవ తీసి, సగం వేర్లు కోసి, మట్టి కప్పేస్తే ముద్దలోనే పీచువేర్లు పుడతాయి. ఉత్తరం వైపు సున్నం బొట్టు పెట్టుకుని, నాటేటప్పుడు అదే దిక్కుకు తిప్పండి. మొదలు అంగుళం లావుకు 10 నుంచి 12 అంగుళాల వెడల్పు మట్టిముద్ద రావాలి. 3 అంగుళాల చెట్టంటే ముద్దే సుమారు 300 కిలోలు తూగుతుంది. మొదలు 6 అంగుళాలు దాటిన సంపంగిని నేనైతే కదల్చను, గది ప్లానే మూడడుగులు జరపమంటాను.