వ్యాక్స్ మెల్ట్ వాసన రావట్లేదా? ముందు వార్మర్ సంగతి చూడండి

గుంటూరు, బెజవాడ ఇళ్లలో ఇప్పుడు వ్యాక్స్ వార్మర్లు బాగానే కనిపిస్తున్నాయి. వ్యాక్స్ మెల్ట్ అనే సెంటు కలిపిన మైనం ముక్కను పళ్లెంలో వేస్తే, కరెంటు వేడితో కరిగించి గదికి వాసన పంచే పరికరాలివి. కొన్ని ఆన్‌లైన్‌లో కొన్నవి, కొన్ని అమెరికాలో ఉన్న పిల్లలు సూట్‌కేసులో పెట్టి తెచ్చినవి. వాసన సరిగా రాకపోతే అందరూ మైనాన్నే తిడతారు. చాలాసార్లు అసలు లోపం వార్మర్ ఎంపికలోనే ఉంటుంది.

సమస్య: ప్లగ్ పెట్టగానే బల్బు పోయింది, లేదా కాలిన వాసన వచ్చింది

ఇది అమెరికా వార్మర్ల గొడవ. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వోల్టేజీ రెట్టింపు దగ్గరికి వచ్చినా, పుట్టే వేడి మూడున్నర రెట్లు దాటుతుంది. బీసెంట్ రోడ్డులో కొన్న కన్వర్టర్ పిన్ పెట్టాం కదా అంటారు. అది పిన్ ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజీని తగ్గించదు.

వార్మర్ అడుగున ఉన్న స్టిక్కర్ చదవండి. 120 అని మాత్రమే ఉంటే నేరుగా ప్లగ్ పెట్టకండి. 230 వోల్టులను 110కి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 25 వాట్ల వార్మర్‌కి 100 వాట్లది ధారాళంగా సరిపోతుంది. కానీ దాని ఖర్చు, బరువు చూసుకుంటే ఇక్కడే 230 వోల్టుల వార్మర్ కొనడం మేలని నా అభిప్రాయం. పిల్లలు బయల్దేరేముందే ఫోన్‌లో చెప్పండి: మైనం తెండి, వార్మర్ వద్దు అని.

సమస్య: లైటు వెలుగుతోంది, మైనం కరగట్లేదు

బల్బు పోయాక ఎల్‌ఈడీ వేశారేమో చూడండి. బల్బు రకం వార్మర్‌లో మైనాన్ని కరిగించేది హాలోజెన్ బల్బు వేడే. ఎల్‌ఈడీ వెలుగిస్తుంది కానీ కరిగించేంత వేడి ఇవ్వదు. పాత బల్బును షాపుకి పట్టుకెళ్లి అదే హోల్డర్‌కి సరిపోయే, అదే వాట్ల హాలోజెన్ అడగండి. త్వరగా కరుగుతుందని ఎక్కువ వాట్లది వేస్తే పళ్లెం పగలొచ్చు, హోల్డర్ మాడొచ్చు. ఎక్కడ చూసినా ఎల్‌ఈడీలే అమ్ముతున్న ఈ రోజుల్లో, కొత్తగా కొనేవాళ్లకు నేను బల్బు లేకుండా పళ్లెం కింది ప్లేటే వేడెక్కే హాట్ ప్లేట్ రకమే చెబుతాను. బల్బు వెతుక్కునే పని ఉండదు.

సమస్య: కరిగింది, అయినా వాసన లేదు

మొదటి అనుమానం సీలింగ్ ఫ్యాన్ మీదే. మన ఊళ్లలో ఫ్యాన్ ఆపి కూర్చోలేం కాబట్టి, గాలి నేరుగా తగలని మూలకి వార్మర్‌ని జరపండి. గాలి తగిలితే మైనం పైన చల్లబడి పొరకడుతుంది. రెండోది గది సైజు. సాకెట్‌కే తగిలించే చిన్న వార్మర్ బాత్రూముకో చిన్న గదికో సరిపోతుంది. హాలుకి 20–25 వాట్ల టేబుల్ రకం కావాలి.

పళ్లెం నిండుగానే ఉన్నా సెంటు అయిపోయి ఉండొచ్చు. ఆవిరయ్యేది సుగంధ తైలమే, మైనం అలాగే మిగిలిపోతుంది. ఇంకో సంగతి, మన ముక్కు వాసనకు అలవాటు పడిపోతుంది. కాసేపు బయట తిరిగొచ్చి చూడండి, అప్పటికీ రాకపోతే మైనం మార్చండి.

సమస్య: వాసన గుప్పుమని కొట్టి త్వరగా పోతోంది, తలనొప్పి వస్తోంది

వేడి ఎక్కువైంది. ఎలక్ట్రిక్ కర్పూరం బర్నర్‌లో మైనం వేసేవాళ్లకి ఇది తరచూ ఎదురవుతుంది. అది చిన్న కర్పూరం బిళ్ల కోసం చేసింది. మైనం పొంగి కిందికి కారితే పొగ వస్తుంది. దాన్ని దేవుడి గదికే వదిలేయండి. మైనానికి వేడి తగ్గించుకునే డిమ్మర్ ఉన్న వార్మర్ తీసుకోండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే అసలు పెట్టకపోవడమే మంచిది.

ఎండాకాలం బాధ వేరు. సోయా మైనం చాలావరకు 45–55 డిగ్రీల మధ్య కరుగుతుంది. మేలో బెజవాడ ఎండ 45కి చేరితే డబ్బాలోనే మెత్తబడి, పైన నూనె చెమర్చుతుంది. గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మూత సరిగా లేకపోతే పెరుగుకి లావెండర్ వాసన పడుతుంది.

మైనం మార్చేటప్పుడు సింకులో పోయకండి, పైపులో గడ్డకడుతుంది. స్విచ్ ఆపి, ఇంకా గోరువెచ్చగా ఉండగానే దూదితో అద్దేస్తే చాలు. పళ్లెం విడిగా వచ్చే రకమైతే, పూర్తిగా చల్లారాక పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి, అచ్చులా ఊడొస్తుంది. అందుకే కొనేటప్పుడు వోల్టులు, వాట్లతో పాటు పళ్లెం బయటికి వస్తుందో లేదో కూడా అడగండి. అతికించిన పళ్లెం ఉన్న వార్మర్‌ని నీళ్ల కింద కడిగితే తడి లోపలి ఎలిమెంట్‌లోకి వెళ్తుంది.