మనిషి మంచివాడా, చెడ్డవాడా: మీ అపార్ట్‌మెంట్‌లో ఈ చర్చ నడపడం ఎలా

హైదరాబాద్‌లో ఈ మాట మీద వాదించడానికి మనుషులకు కొదవ లేదు. పార్కు బెంచీల మీద, ఇరానీ హోటళ్లలో రోజూ నడిచే చర్చే ఇది. పది నిమిషాలు గడిచేసరికి ఒకరు "ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మడానికి లేదు" అంటారు, ఇంకొకరు "అందరూ అలా ఉండరండీ" అంటారు. అక్కడితో ఆగిపోతుంది. ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోవడం వల్లే ఇలా జరుగుతుంది. పుట్టుకతో మనిషి మొగ్గు ఎటు? ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తాడు? తొందరలో ఉన్నప్పుడో, పైవాడు ఆజ్ఞాపించినప్పుడో ఏం చేస్తాడు? వీటిని విడదీసి, ఒక్కోదానికి ఉన్న ఆధారం ముందుపెడితే రెండున్నర గంటల్లో మంచి చర్చ నడుస్తుంది.

ముందు ఏర్పాట్లు

పద్నాలుగు మందిని పిలవండి. పన్నెండుకు తగ్గితే కింద చెప్పే పాచికల లెక్క పెద్దగా ఏమీ చెప్పదు. పదహారు దాటితే గొంతున్నవాళ్లే మాట్లాడతారు. రిటైరైనవాళ్లే నిండిపోకుండా ఒకరిద్దరు డిగ్రీ పిల్లలు, గృహిణులు, ఉద్యోగాలు చేసేవాళ్లు ఉండేలా చూడండి. వాచ్‌మన్‌నో, ఇళ్లలో పనిచేసే అక్కనో కూడా పిలవండి. డ్యూటీ లేని వేళ పిలవాలి, మిగతావాళ్లతో సమానంగా కుర్చీ వేయాలి. వాళ్ల గురించి మాట్లాడుకుంటూ చాయ్ అందించే పని వాళ్లకే అప్పగించడం కన్నా అన్యాయం లేదు. ఉర్దూలో మాట్లాడేవాళ్లుంటే మాట్లాడనివ్వండి, పక్కవాళ్లు రెండు ముక్కల్లో తెలుగులో చెబితే చాలు.

ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర అనువైన వేళ. క్లబ్‌హౌస్ లేకపోతే బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బంజారాహిల్స్‌లోని లామకాన్ ఇలాంటి సమావేశాలకు అలవాటైన చోట్లు. ముందుగా అడిగి ఖాయం చేసుకోండి. ఎక్కడైనా సరే, తలుపు వేసుకునే చిన్న గది ఒకటి విడిగా కావాలి. అందులో సీసీ కెమెరా ఉండకూడదు. క్లబ్‌హౌస్‌లలో మూలమూలనా కెమెరాలుంటాయి కాబట్టి ముందు రోజే వెళ్లి చూసుకోండి.

సామాను: లూడో పాచికలు రెండు (ఒకటి పోతే ఇంకొకటి), ఒక స్టీలు గ్లాసు, ఒక బేసిన్, రెండు రూపాయల బిళ్లలు 252 (మొత్తం 504 రూపాయలు), మూతకు చీలిక పెట్టిన అట్టపెట్టె, చిన్న కాగితం చీటీలు, ఒక చార్టు, మార్కర్. అన్ని బిళ్లలు ఒకేసారి దొరకవు. వారం ముందు నుంచి కిరాణా కొట్టులో అడిగి పోగుచేయండి.

మొదట చీటీలు

అందరూ కూర్చోగానే, ఎవరూ నోరు విప్పకముందే, తలా ఒక చీటీ ఇవ్వండి. సున్నా అంటే మనుషులు మూలంలోనే చెడ్డవాళ్లు, పది అంటే మూలంలోనే మంచివాళ్లు. పేరు లేకుండా ఒక అంకె వేయమనండి. చీటీలు మడిచి పక్కన పెట్టండి, అప్పుడే విప్పొద్దు. ముందు మాటలు నడిచి తర్వాత చీటీలు రాయిస్తే, వయసులో పెద్దాయన ఏమన్నారో అదే అంకె అందరి చీటీల్లో కనిపిస్తుంది.

పాచికల గది

ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తారన్న ప్రశ్నకు వాదన కన్నా ఇదే మంచి దారి. ఒక్కొక్కరే గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవాలి. గ్లాసులో పాచిక వేసి మూడుసార్లు దొర్లించాలి. వచ్చిన చుక్కలన్నీ కూడి, అన్ని బిళ్లలు బేసిన్‌లోంచి తీసుకుని జేబులో వేసుకుని వచ్చేయాలి. నాలుగు, రెండు, అయిదు పడితే పదకొండు బిళ్లలు. ఎవరికి ఎన్ని పడ్డాయో ఎవరూ అడగరు. తలా ఒకటిన్నర నిమిషం, మొత్తం ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది. ఆ సమయానికి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు పెట్టండి.

అందరూ వచ్చాక బేసిన్‌లో మిగిలినవి అందరి ముందూ లెక్కపెట్టి, 252లోంచి తీసేయండి. వచ్చింది పోయిన బిళ్లల సంఖ్య. పాచిక ఒక్కసారి దొర్లిస్తే సగటున మూడున్నర పడుతుంది. పద్నాలుగు మంది మూడేసిసార్లు, మొత్తం 42 సార్లు. అంటే అందరూ నిజాయితీగా తీసుకుంటే 147 దగ్గర ఉండాలి. అదృష్టం అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి నూటికి తొంభై అయిదుసార్లు 125కూ 169కీ మధ్య పడుతుంది. ఆ లోపల ఏ అంకె వచ్చినా మాట్లాడటానికేం లేదు. 190 వచ్చిందంటే ఎవరో ఎక్కువ తీశారనుకోవచ్చు. అందరూ ఆరార్లే పడ్డాయన్నట్టు తీసుకుంటే బేసిన్ ఖాళీ అవుతుంది. అంత దూరం రావడం అరుదు.

ఇది చెడిపోయే దారులు చాలా ఉన్నాయి. "నాకెందుకమ్మా డబ్బులు" అని పెద్దవాళ్లు తీసుకోకుండా వచ్చేస్తారు, దాంతో మొత్తం 125 కిందికి పడిపోయి లెక్కకు అర్థం ఉండదు. అందుకే అట్టపెట్టె. వచ్చినన్ని తీసుకోవాల్సిందే, వద్దనుకుంటే బయటికి వచ్చాక పెట్టెలో వేయండి అని ముందే చెప్పండి. రెండోది, మొదలుపెట్టే ముందు "అందరూ నిజాయితీగా ఉండాలి" అని ఉపన్యాసం ఇవ్వడం. అప్పుడు మీరు కొలిచేది ఉపన్యాసం బలాన్ని, మనుషుల్ని కాదు. మూడోది, మధ్యమధ్యలో బేసిన్ చూసి రావడం. అన్నిటికన్నా పెద్ద తప్పు, మొత్తం ఎక్కువ వస్తే ఎవరు తీశారని వెతకడం. ఇది గుంపు గురించి చెప్పే లెక్క. ఒక మనిషికి పద్దెనిమిది బిళ్లలూ నిజంగానే పడి ఉండొచ్చు. ఒక్క అనుమానపు చూపు చాలు, ఇరుగుపొరుగు మధ్య ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. ఆ ప్రస్తావన వస్తే వెంటనే ఆపేయండి.

లెక్క అయ్యాక బయటి ఆధారం చెప్పండి. ఇలాంటి ప్రయోగాలు 90 చేర్చి, సుమారు 44 వేల మంది ఫలితాలు చూసిన పరిశోధన 2019లో వచ్చింది. అబద్ధమాడితే దక్కే లాభంలో దాదాపు ముప్పాతిక వంతును జనం సగటున వదులుకున్నారని తేలింది. అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశోధనలో 40 దేశాల్లో, 355 నగరాల్లో, 17 వేలకు పైగా పర్సులను "దొరికింది" అని చెప్పి హోటళ్లు, బ్యాంకులు, పోస్టాఫీసుల కౌంటర్లలో ఇచ్చారు. డబ్బు లేని పర్సుల విషయంలో సుమారు 40 శాతం సొంతదారుకు కబురు అందింది. డబ్బున్నవాటికి 51 శాతం. డబ్బుంటే తిరిగివ్వడం పెరిగిన దేశాలు నలభైలో 38. మన దేశం ఆ 38లో ఉంది. ఈ అంకె చెప్పే ముందు చేతులెత్తించి ఊహించమనండి. డబ్బుంటే ఇవ్వరనే చాలామంది అంటారు. ఆ తేడానే చార్టు మీద రాయండి: మనుషులు ఎలా ఉన్నారన్నది ఒకటి, మనుషులు ఎలా ఉంటారని మనం అనుకుంటున్నామన్నది ఇంకొకటి.

ఫారం మొదట్లోనే సంతకం పెట్టించి తర్వాత నింపిస్తే నిజాయితీ పెరుగుతుందని ఎవరైనా చెప్పొచ్చు. 2012లో అలా చెప్పిన పరిశోధనను 2021లో వెనక్కి తీసుకున్నారు. అందులో ఒక భాగపు డేటా కల్పితమని బయటపడింది. దాని మీద ఏ నిర్ణయమూ కట్టకండి.

పసిపిల్లల సంగతి

దీనికి పావుగంట చాలు. 2006లో పద్దెనిమిది నెలల పిల్లలు 24 మందిని పరీక్షించారు. పెద్దవాళ్ల చేతిలోంచి వస్తువు జారిపడితే తీసివ్వడం లాంటి పనులు. 22 మంది ఒక్కసారైనా సాయం చేశారు. మెచ్చుకోలు, బహుమతి ఏమీ లేకుండానే. అయితే ఆరు నెలల పిల్లలు కూడా ఇంకోదానికి సాయపడిన "మంచి" బొమ్మనే ఎంచుకుంటారని 2007లో వచ్చిన పేరున్న ఫలితం, తర్వాత అనేక ప్రయోగశాలలు కలిసి చేసిన పెద్ద పరీక్షలో నిలబడలేదు. కాబట్టి మొదటిది చెప్పండి, రెండోది వదిలేయండి. పసివాడు సాయమూ చేస్తాడు, పక్కవాడి బొమ్మా లాక్కుంటాడు. గదిలో ఉన్న తల్లులకు ఇది కొత్త విషయం కాదు, వాళ్లను మాట్లాడనివ్వండి.

తొందర, ఆజ్ఞ

అన్నిటికన్నా జాగ్రత్తగా నడపాల్సిన భాగం ఇది. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో 1960ల మొదట్లో మనస్తత్వవేత్త మిల్‌గ్రామ్ చేసిన కరెంటు షాకుల ప్రయోగం చాలామందికి తెలుసు. ఎదుటివాడు తప్పు జవాబు చెప్పినప్పుడల్లా షాకు పెంచుతూ ఇమ్మని పరిశోధకుడు ఆజ్ఞాపిస్తాడు. షాకులు నకిలీవే, ఇచ్చేవాళ్లకు ఆ సంగతి తెలియదు. 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల దాకా వెళ్లారు. ఇక్కడ ఆపితే గది మొత్తం "చూశారా, మనిషి చెడ్డవాడే" అంటుంది. ఆపకండి. అదే ప్రయోగం ఇంకో విడతలో పక్కన కూర్చున్న ఇద్దరు "మేం చేయం" అని లేచిపోయినప్పుడు చివరిదాకా వెళ్లింది 40లో నలుగురే. రెండు అంకెలూ చార్టు మీద పక్కపక్కనే రాయండి, మొదటిదాన్ని ఒంటరిగా చెప్పొద్దు. ప్రయోగంలో కూర్చున్నది అలాంటి మామూలు మనుషులే, మారింది పక్కనున్నవాళ్లు.

తర్వాత, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ వేదాంత విద్యార్థుల మీద జరిగి 1973లో వెలువడిన పరిశోధన. ఉపన్యాసం ఇవ్వడానికి ఇంకో భవనానికి వెళ్తుంటే దారిలో ఒకాయన మూలుగుతూ పడి ఉంటాడు. తీరిక ఉన్నవాళ్లలో 63 శాతం ఆగారు, బాగా తొందరలో ఉన్నవాళ్లలో 10 శాతమే. కొందరు ఇవ్వబోతున్న ఉపన్యాసం దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న బైబిల్ కథ మీదే. అయినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉదయం తొమ్మిదింటికి అమీర్‌పేట సిగ్నల్ దగ్గర బండి మీంచి ఎవరో పడిపోతే ఏం చేస్తారని అడగండి. "పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుంది" అన్న జవాబు తప్పక వస్తుంది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం, సదుద్దేశంతో సాయపడినవాళ్లపై సివిల్, క్రిమినల్ బాధ్యత పడదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు కూడా. ఇది అందరికీ చెప్పండి. కొందరు ఆగకపోవడానికి కారణం కాఠిన్యం కాదు, భయం.

మామూలు కుర్రాళ్లను ఖైదీలుగా, కాపలాదార్లుగా విడదీసిన 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగాన్ని మాత్రం చర్చలోకి తేకండి. కఠినంగా ఉండమని కాపలాదార్లకు ముందే నూరిపోసినట్టు తర్వాత బయటపడిన రికార్డింగులు చూపించాయి.

మతాలు, శతకాలు

చర్చ ఇక్కడికి వచ్చేసరికి అరిషడ్వర్గాలు, ఫిత్రా (మనిషి స్వచ్ఛంగానే పుడతాడన్న ఇస్లాం భావన), ఆదిపాపం (పుట్టుకతోనే పాపం అంటి ఉంటుందన్న క్రైస్తవ భావన) ఒకేసారి బల్ల మీదికి వస్తాయి. ఏది గొప్పదన్న వాదన మొదలైతే సాయంత్రం అక్కడే ముగుస్తుంది. ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడగండి: మీ దారిలో చెడు ఎక్కడి నుంచి వస్తుంది, దాన్ని ఆపడానికి రోజూ ఏం చేయమంటారు? రెండో సగం వినేసరికి జవాబులు ఎంత దగ్గరగా ఉన్నాయో గదే గమనిస్తుంది.

భర్తృహరి నీతిశతకంలో ఈ చర్చకు అచ్చంగా పనికొచ్చే శ్లోకం ఒకటుంది. తన పని మానుకుని పరుల పని చేసేవాళ్లు సత్పురుషులు. తనకు నష్టం లేనంతవరకు చేసేవాళ్లు సామాన్యులు. తన లాభానికి పరులను చెరిపేవాళ్లు మానవరాక్షసులు. ఏ లాభమూ లేకుండా చెరిపేవాళ్లను ఏమనాలో తెలియదంటాడు. మంచి, చెడు అన్న రెండు గదుల్లో ఇరుక్కున్న చర్చకు నాలుగు గదులు దొరుకుతాయి. ఈ సాయంత్రం మనం చూసిన అంకెలు ఏ గదిలో పడతాయని అడగండి. చాలావరకు రెండో గదిలోనే పడతాయి, నాకైతే అది నిరాశ కలిగించే సంగతి కాదు. సామాన్యుడికి మంచి చేయడం తేలిక చేస్తే చేస్తాడు.

చివరి ముప్పావుగంట: నోటీసు బోర్డు

మొదటి చీటీల్లాగే రెండోసారి రాయించి, రెండు సగటులూ చార్టు మీద వేయండి. అంకె మారకపోయినా ఫరవాలేదు. తర్వాత మీ అపార్ట్‌మెంట్ నియమాల్లో ఒక్కదాన్ని ఎంచుకోండి. పనివాళ్లు బయటికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర బ్యాగు విప్పి చూపించాలన్న నియమం చాలాచోట్ల ఉంటుంది, అదే తీసుకోండి. మూడు ప్రశ్నలు వేయండి. ఈ నియమం ఎవరిని చెడ్డవాళ్లని అనుకుంటోంది, ఎవరిని అనుకోవడం లేదు? ఫ్లాటు ఓనర్ల బ్యాగులు ఎందుకు చూడరు? గేటు దగ్గర విప్పి చూపించే మనిషికి రోజూ ఎలా ఉంటుంది? మూడోదానికి జవాబు చెప్పాల్సింది ఆ అక్కే. ఆమె ఇష్టపడితేనే చెప్పాలి, బలవంతం చేయొద్దు. ఆమెను పనిలో పెట్టుకున్నవాళ్లు ఆ సమయంలో ఎదురుగా కాకుండా వేరే వరసలో కూర్చుంటే నోరు తెరవడం కాస్త సులువు.

నియమం తీసేద్దామన్నవాళ్లూ ఉంచుదామన్నవాళ్లూ ఉంటారు. ఓటింగు పెట్టకండి. మూడు నెలలు ఆపి చూద్దామని కమిటీకి ఒక పేజీ ఉత్తరం రాయండి. ఆపడానికి ముందు మూడు నెలల్లో రిజిస్టరులో ఎన్ని ఫిర్యాదులు నమోదయ్యాయో, వాటిలో ఎన్ని వస్తువులు తర్వాత ఇంట్లోనే దొరికాయో ఉత్తరంలోనే రాయండి. ఆపిన మూడు నెలలకు అవే రెండు అంకెలు తీయండి. పాచికల లెక్కలాగే ఇక్కడా ఒకటి రెండు ఫిర్యాదుల తేడా దేన్నీ రుజువు చేయదని ముందే ఒప్పుకుని సంతకాలు చేయండి, లేకపోతే మొదటి ఉంగరం కనబడకపోగానే నియమం తిరిగొస్తుంది.