కాలేయానికి మేలు చేసే భోజనాన్ని మన సంత సరుకులతోనే అమర్చుకోవడం ఎలా?

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వంటి ఊళ్లలో తరాలుగా ఉంటున్న తెలుగువారి వంటిళ్లలో రెండు రుచులు కలిసి కాపురం చేస్తాయి. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం పప్పుచారు లేదా దాల్మా (కూరగాయలు కలిపి వండే ఒడియా పప్పు), సాయంత్రం గుగ్ని (బఠాణీల కూర), పండగ వస్తే బూరెలతో పాటు ఛెనాపొడొ (పాల విరుగుడును కాల్చి చేసే మిఠాయి) కూడా ఉంటాయి. ఈ ఇళ్లలో ఇప్పుడు తరచుగా వినిపిస్తున్న మాట ఒకటుంది: కడుపునొప్పి కోసమో, మరి దేనికోసమో స్కానింగు తీయిస్తే ‘ఫ్యాటీ లివర్’ అని రాసిచ్చారని. ఆ వెంటనే అందరూ అడిగే ప్రశ్న, ఏం తింటే లివరు శుభ్రపడుతుంది అని.

కాలేయాన్ని కడిగి శుభ్రం చేసే ఆహార పదార్థం అంటూ ఏదీ లేదు. దాదాపు కిలోన్నర బరువుండే ఆ అవయవం రక్తంలోని అక్కరలేని వాటిని వడపోసే పనిని తనంతట తానే చేసుకుంటుంది. మనం ఖర్చు చేసే దానికంటే ఎక్కువ అన్నం, చక్కెర, నూనె రోజూ లోపలికి వెళ్తుంటే, మిగిలిన శక్తిని కాలేయం కొవ్వుగా మార్చి, కొంత తనలోనే దాచుకుంటుంది. ఆ కొవ్వు కాలేయంలో 5 శాతాన్ని దాటినప్పుడు దానిని కొవ్వు పట్టిన కాలేయం అంటారు. అందువల్ల చేయవలసిన పని ఒక మందు వస్తువును వెతికి తెచ్చుకోవడం కంటే కంచంలోని పాళ్లను మార్చుకోవడమే. ఆ మార్పుకు కావలసిన సరుకులన్నీ ఈ సరిహద్దు జిల్లాల సంతల్లో దొరుకుతున్నాయి.

ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలి. కాలేయం గట్టిపడిందని, కడుపులో నీరు చేరిందని వైద్యులు చెప్పినవారు, మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడుతున్నవారు కింది మార్పులను వైద్యుని అడిగిన తరువాతే మొదలుపెట్టాలి. వారికి ఉప్పు, మాంసకృత్తులు, భోజన వేళల లెక్క వేరుగా ఉంటుంది.

మొదటి పని: బియ్యాన్ని కొలిచి వండడం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీలు అవసరమైన వ్యక్తికి అన్ని ధాన్యాలూ కలిపి సుమారు 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, నూనె 27 గ్రాములు సరిపోతాయి. ఈ లెక్కను ఒకసారి మీ ఇంటి గిద్దెతోనో గ్లాసుతోనో పోల్చి చూసుకోండి. ధాన్యమంతా కలిపి పావుకిలో అన్నప్పుడు అందులో పొద్దుటి ఇడ్లీ రవ్వ, రాత్రి చపాతీ పిండి కూడా ఉన్నాయన్న సంగతి మరచిపోకూడదు. చాలా ఇళ్లలో రెండు పూటల అన్నానికే ఈ కొలత దాటిపోతుంది, కూరగాయలు మాత్రం వాటికి చెప్పిన కొలతలో సగానికి కూడా రావు.

కాబట్టి వారం రోజులపాటు బియ్యం పోసే ముందు తూచండి, లేదా ఒకే గ్లాసుతో కొలవండి. తరువాతి వారం నుంచి ఆ కొలతలో నాలుగోవంతు తగ్గించి, తగ్గించినంత మేర కూరను, పప్పును పెంచండి. ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే ఆకలి తట్టుకోలేక సాయంత్రానికి బజారు బజ్జీల దగ్గరికి వెళ్లవలసి వస్తుంది.

వేసవిలో మనం తినే చల్దన్నం, ఒడియావారి పఖాళ మంచి భోజనమే. రాత్రంతా నీళ్లలో నానిన అన్నం పులిసి ఒంటికి చలవ చేస్తుంది. చిక్కంతా దాని పక్కన పెట్టుకునే వాటితో వస్తుంది. నూనెలో వేయించిన వడియాలు, ఉప్పు నిండిన ఎండుచేపలు, ఊరగాయ లేకుండా ముద్ద దిగదని అనుకుంటాం. వాటి స్థానంలో కాల్చిన వంకాయ పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, కొద్ది నూనెతో వేయించిన తోటకూర పెట్టుకుని, అన్నం తగ్గించి మజ్జిగ పెంచితే చల్దన్నం నిశ్చింతగా తినవచ్చు.

రెండో పని: చోళ్లను రోజువారీ ధాన్యంగా తిరిగి తెచ్చుకోవడం

మైదానం వైపు రాగులు అంటారు, మన వైపు చోళ్లు, ఒడియాలో మాండియా. ఒడిశా ప్రభుత్వం 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి రైతుల నుంచి వీటిని మద్దతు ధరకు కొనడం ఆరంభించాక, కోరాపుట్, రాయగడ కొండల్లోని ఈ పంటకు గౌరవం తిరిగి వచ్చింది. నూరు గ్రాముల చోళ్లలో పీచు సుమారు 11 గ్రాములు ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో అది 3 గ్రాములకు మించదు. పీచు ఎక్కువగా ఉన్నప్పుడు చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది, ఆకలి త్వరగా వేయదు. కాలేయానికి దక్కే మేలు ఇక్కడి నుంచే వస్తుంది.

నలుగురికి అంబలి చేయాలంటే రాత్రి ఒక కప్పు చోడిపిండిని రెండు కప్పుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూతపెట్టి ఉంచండి. తెల్లవారేసరికి అది కొద్దిగా పులుస్తుంది. పొద్దున్న ఆరు కప్పుల నీళ్లు మరిగించి, అందులో గుప్పెడు నూకలు వేసి ఉడికిన తరువాత, పులిసిన పిండిని సన్నని మంటమీద కలుపుతూ పోయండి. పది పన్నెండు నిమిషాల్లో పచ్చివాసన పోయి చిక్కబడుతుంది. చల్లారాక మజ్జిగ, చిటికెడు ఉప్పు, తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలుపుకొని తాగండి. ఇందులో బెల్లం వేసి జావగా చేయడం చాలా ఇళ్లలో అలవాటు, కానీ అలా చేస్తే చోళ్ల వల్ల కలిగే లాభం బెల్లంతో చెల్లిపోతుంది. మరొక మాట, చోళ్లను అన్నానికి బదులుగా తినాలి. అన్నం తగ్గించకుండా దాని మీద అంబలి కూడా తాగితే ధాన్యం పెరిగిందే తప్ప కాలేయానికి ఒరిగేదేమీ లేదు.

సామలు, గంటెలు (సజ్జలు) కూడా ఈ వరుసలోనివే. సామబియ్యం అన్నంలాగే వండుకోవచ్చు కాబట్టి ఇంట్లో పిల్లలు పెద్దగా ఎదురు చెప్పరు.

మూడో పని: వారానికి నాలుగు రోజులు దాల్మా వండడం

ఒడియావారి వంటల్లో కాలేయానికి ఇంతకంటే అనుకూలమైనది మరొకటి లేదని నా అభిప్రాయం. పప్పు, కూరగాయలు ఒకే గిన్నెలో ఉడుకుతాయి, నూనె చెంచాకు మించదు. పూరీ జగన్నాథుని మహాప్రసాదంలో కూడా దీనికి చోటుంది.

నలుగురికి 150 గ్రాముల కందిపప్పు లేదా దోరగా వేయించిన పెసరపప్పు తీసుకోండి. దానికి తగిన కూరగాయలు కనీసం 600 గ్రాములు ఉండాలి: పచ్చి బొప్పాయి, అరటికాయ, గుమ్మడి, వంకాయ, ములక్కాడ. పప్పు కడిగి అరగంట నానబెట్టి, పసుపు, దంచిన అల్లం, ఒక బిర్యానీ ఆకు వేసి ఉడికించండి. పప్పు సగం ఉడికినప్పుడు గట్టిగా ఉండే బొప్పాయి, అరటికాయ ముక్కలు వేయండి. అవి మెత్తబడుతున్నప్పుడు గుమ్మడి, వంకాయ, ములక్కాడ వేసి ఉప్పు కలపండి. కుక్కరులో అన్నీ ఒకేసారి వేస్తే గుమ్మడి కరిగిపోతుంది, అందుకే గిన్నెలో వండడం మేలు. చివర ఒక చెంచా నూనెలో జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు వేసి పోపు పెట్టండి. దించాక వేయించి పొడి చేసిన జీలకర్ర, ఎండుమిర్చి చల్లండి. వాసనంతా ఆ పొడిలోనే ఉంటుంది. అది బాగా కుదిరితే నూనె తగ్గిందన్న సంగతి ఎవరికీ తట్టదు.

మిగిలిన రోజుల్లో ఉలవలు వండండి. రాత్రి నానబెట్టి, పొద్దున్న మెత్తగా ఉడికించి, ఆ నీటితో చారు కాచి, గింజలను కూరగా చేసుకుంటే మాంసకృత్తులు, పీచు రెండూ అందుతాయి. ములగాకు, తోటకూర, పొన్నగంటి, గోంగూరలలో ఏదో ఒక ఆకు రోజూ ఉండాలి. చేపలు తినేవారు పులుసుగా వండుకోవాలి, వేపుడుగా వద్దు.

నాలుగో పని: నూనె, చక్కెర డబ్బాలకు తేదీ రాయడం

రోజుకు 27 గ్రాముల నూనె అన్నది వంట చేసేటప్పుడు కొలవడం కష్టం, నెల మీద లెక్కవేయడం తేలిక. నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు అవుతుంది. డబ్బా తెరిచిన రోజు దాని మీద తేదీ రాయండి, నెల తిరగకుండానే ఖాళీ అయితే ఎక్కడ పోతోందో మీకే తెలుస్తుంది. అప్పడాలకు, ఊరగాయలకు బరంపురం పెట్టింది పేరు, అక్కడి తెలుగు ఇళ్లలో అవి లేని భోజనం ఊహించలేం. అప్పడాన్ని నిప్పుమీద కాల్చుకోవడం, ఊరగాయను చెంచాడుకు పరిమితం చేయడం పెద్ద త్యాగమేమీ కాదు.

చక్కెర విషయంలో మాత్రం కాస్త కఠినంగానే ఉండాలి. చక్కెరలో సగభాగం ఫ్రక్టోజు ఉంటుంది, దానిని కరిగించే భారం చాలావరకు కాలేయం మీదే పడుతుంది, ఎక్కువైనది అక్కడే కొవ్వుగా మారుతుంది. సీసాల్లో అమ్మే శీతల పానీయాలను ఇంటికి తేవడం పూర్తిగా మానేయండి. పండును రసం తీసి తాగకుండా కొరికి తినండి. రసగుల్లా, ఛెనాపొడొ పండగకే ఉంచండి. బెల్లం, తేనె ఆరోగ్యకరమని చక్కెరకు బదులు వాడుతుంటారు, కాలేయానికి వాటి మధ్య పెద్ద తేడా లేదు.

ఐదో పని: చక్కెర లేని కాఫీ

చాలామందికి ఇది ఆశ్చర్యంగా ఉంటుంది. రోజుకు రెండు మూడు కప్పుల కాఫీ తాగేవారిలో కాలేయం గట్టిపడడం, కాలేయ క్యాన్సరు తక్కువగా కనిపిస్తున్నాయని వేర్వేరు దేశాల్లో జరిగిన పరిశీలనలు మళ్లీ మళ్లీ చెప్పాయి. కోరాపుట్ కొండల్లో పండే అరబికా కాఫీ మన పక్కనే ఉంది. అయితే రెండు చెంచాల చక్కెర వేసుకున్న కప్పుకు ఈ మాట వర్తించదు. గర్భిణులు, నిద్రలేమి ఉన్నవారు, గుండెదడ ఉన్నవారు కాఫీని పెంచకూడదు, అలవాటు లేనివారు కొత్తగా మొదలుపెట్టనవసరం లేదు.

ఆరో పని: విషాన్ని లోపలికి రానివ్వకపోవడం

మంచివి తినడం ఎంత అవసరమో, కాలేయాన్ని దెబ్బతీసేవాటిని గడప దాటనివ్వకపోవడం అంతకంటే అవసరం. తడి తగిలిన వేరుశనగ, మొక్కజొన్నల మీద పెరిగే ఒక బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కాలేయ క్యాన్సరుకు కారణమవుతుంది, హెపటైటిస్ బి ఉన్నవారికి ఆ ముప్పు ఎన్నో రెట్లు. వేయించినా ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. వానాకాలంలో శనగకాయలను ఎండబెట్టి పొడి డబ్బాలో దాచండి. బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదుగా తగిలినవి పారేయండి. వాటిని పశువులకు కూడా పెట్టకండి, ఆ విషం పాల ద్వారా తిరిగి మనకే చేరుతుంది.

తొలకరి వానలకు కొండల నుంచి సంతకు వచ్చే పుట్టగొడుగుల్లో కొన్ని జాతులు ఒక్క పూట తింటేనే కాలేయాన్ని పూర్తిగా పాడుచేస్తాయి. తరతరాలుగా ఏరి తింటున్నవారు గుర్తించి ఇచ్చినవి తప్ప మరేవీ వండకండి. తిన్న మరునాడు వాంతులు, విరేచనాలు తగ్గినట్లనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి. కాలేయం దెబ్బతినడం ఆ తరువాతే బయటపడుతుంది.

ఇప్పసారా, జీలుగు కల్లు ఈ ప్రాంతపు వేడుకల్లో భాగం. ఒడియాలో సలప అనే ఆ కల్లు చెట్టు నుంచి వస్తుంది కాబట్టి హాని లేదని కొందరు నమ్ముతారు. మద్యం ఏ కొద్ది మోతాదులోనైనా పూర్తిగా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. కాలేయంలో కొవ్వు ఉందని తేలినవారు దానిని పూర్తిగా మానేయాలి.

కషాయాల గురించి కూడా చెప్పాలి. కూరలో వేసే పసుపు వల్ల భయం లేదు, కానీ గుళికల రూపంలో ఎక్కువ మోతాదులో తీసుకున్న కొందరికి కాలేయం దెబ్బతిన్నది. కరోనా రోజుల్లో తిప్పతీగ తాగినవారిలో ఇలాంటి సంఘటనలను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. చెట్టు మందే కదా అన్న ధీమా వద్దు.

ఏడో పని: మూడు నెలలకు కొలిచి చూడడం

నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఉన్న బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుముఖం పడుతుంది. అంటే 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గితే మొదటి ఫలితం కనిపిస్తుంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక దీనికి తోడు కావాలి. బరువును నెలకు రెండు కిలోలకు మించి తగ్గించవద్దు, వేగంగా తగ్గితే కాలేయానికే ఇబ్బంది. మూడు నెలల తరువాత రక్త పరీక్ష, అవసరమైతే స్కానింగు మళ్లీ చేయించుకోండి. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల, కోరాపుట్‌లోని సహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ప్రభుత్వానివే.

ఇంట్లో ఎవరికైనా కామెర్లు వస్తే

నా చిన్నతనంలో మా నాన్నగారికి కామెర్లు వచ్చినప్పుడు ఉప్పు, నూనె, పసుపు, పప్పు అన్నీ మాన్పించి, కొన్ని వారాలపాటు మెత్తని అన్నం, మజ్జిగ మాత్రమే పెట్టారు. ఆయన రోగం కంటే ఆ పథ్యం వల్లే ఎక్కువ నీరసించారని ఇప్పుడు అర్థమవుతోంది. పసుపు రంగు తిండి కళ్లను పసుపు చేయదు. వాంతులు ఉన్నన్నాళ్లు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టాలి. ఆకలి తిరిగి వచ్చాక పప్పు, గుడ్డు, దాల్మా, పండు అన్నీ మామూలుగా పెట్టవచ్చు. ముక్కులో, కళ్లలో పసర్లు పోయించడం, వాతలు పెట్టించడం చేయకండి. వానాకాలపు కామెర్లు చాలావరకు కలుషితమైన నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వల్ల వస్తాయి కాబట్టి ఇంటిల్లిపాదీ కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి. రోగి మత్తుగా ఉన్నా, మాట తడబడినా, రక్తం కక్కినా, మలం నల్లగా వచ్చినా, గర్భిణికి కామెర్లు కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.