ఎర్ర బంతీ బ్రౌన్ బంతీ ఒకేలా కనిపిస్తున్నాయా? ముందు లైటు చూడండి

సమస్య: స్నూకర్‌లో బ్రౌన్ బంతి ఎర్రవాటిలో కలిసిపోతోంది

బెజవాడలో సెల్లార్లలో నడిచే పార్లర్లకు ఈ తలనొప్పి ఎక్కువ. బంతులు పాతబడ్డాయనుకుని కొత్త సెట్టు కొంటారు, ఆ తర్వాతా అంతే. డబ్బు పెట్టే ముందు ఒక ఎర్ర బంతినీ బ్రౌన్‌నీ పగటిపూట గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి పక్కపక్కన పెట్టండి. అక్కడ తేడా స్పష్టంగా తెలిస్తే తప్పు లైట్లది.

చవక ఎల్‌ఈడీల వెలుగులో ఎరుపు తక్కువ. అందుకే ఎర్ర బంతి మసకబారి బ్రౌన్‌లా కనిపిస్తుంది. కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్‌ఐ (లైటు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి తగ్గకుండా చూడండి. ఆ లెక్కలో ముదురు ఎరుపు చేరదు కాబట్టి ఆ ఎరుపుకే ప్రత్యేకంగా ఉండే ఆర్9 విలువ కూడా అడగాలి. అది సున్నాకు దగ్గరగా ఉంటే వద్దు. షాపువాళ్లు ముందుగా చేతికిచ్చే 6500 కెల్విన్ (వెలుగు రంగు కొలత) తెల్ల లైటు కంటే 4000–5000 మధ్యది నయం. ఒక టేబుల్ మీద అన్నీ ఒకే రకం ఉండాలి. ఒక్కటి మాడిపోయిందని వేరే కంపెనీది పెడితే ఆ మూల రంగులు మారిపోతాయి.

మిగతావాళ్లకు తెలిసి ఒక్కరికే తెలియకపోతే అది వర్ణాంధత్వం. 2002 ప్రపంచ ఛాంపియన్ పీటర్ ఎబ్డన్‌కూ ఉంది. అలాంటి ఆటగాడు అడిగితే రిఫరీ బంతి రంగు చెప్పాలని నియమమే ఉంది. పార్లర్‌లో ఆ పని మార్కర్‌ది, అంటే స్కోరు రాసే కుర్రాడిది. మొహమాటపడి ఎర్ర బంతి బదులు బ్రౌన్‌ని తగిలిస్తే ఎదుటివాళ్లకు 4 పాయింట్లు పోతాయి.

సమస్య: తెల్ల బంతి పసుపెక్కింది

గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. బ్లీచ్, థిన్నర్ తగలనివ్వొద్దు, మెరుపు పోతుంది. పసుపు పోకపోతే అది మురికి కాదు, బంతిలోని రెజినే రంగు మారింది. తెల్ల బంతి ఒక్కటే మార్చాలంటే 52.5 మి.మీ.ది తీసుకుని తూకం వేయండి: స్నూకర్ సెట్టులో బంతుల మధ్య తేడా 3 గ్రాములు మించకూడదు. పూల్ (నంబర్ల బంతులతో ఆడే ఆట) బంతి 57 మి.మీ. పైనే, పనికిరాదు.

సమస్య: ఆకుపచ్చ క్లాత్ మీద తెల్ల చుక్కలు

సుద్ద అయితే బ్రష్‌తో పోతుంది. పోకపోతే బంతి రాపిడి వేడికి క్లాత్ పోగులు కాలిన మచ్చలవి, క్లాత్ మార్చేదాకా ఉంటాయి. స్నూకర్ క్లాత్‌ని ఎప్పుడూ బాల్క్ వైపు (ఆట మొదలుపెట్టే చివర) నుంచి బ్లాక్ స్పాట్ వైపే (నల్ల బంతి పెట్టే చివరకే) బ్రష్ చేయాలి. ఎదురు తోస్తే నూగు లేచి చారలు చారలుగా రంగు మారినట్టుంటుంది.

సమస్య: పూల్‌లో 4, 7 బంతులు సెట్టుకి కలవట్లేదు

మామూలు సెట్టులో 4 ఊదా, 7 మెరూన్. టీవీ కోసం చేసిన సెట్లలో 4 గులాబీ, 7 లేత గోధుమ రంగు. పోయిన బంతికి బదులు కొనేటప్పుడు నంబరు చెబితే సరిపోదు, పాత సెట్టు ఫొటో చూపించండి.