పోగు చౌకా, తూకం చౌకా: ప్రైమరీ పిల్లలతో సంత ప్రాజెక్టు చేయించే పద్ధతి

మన బడుల్లో ప్రాజెక్టు అంటే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. చార్టు కొనుక్కురమ్మంటాం. అమ్మో నాన్నో నెట్ సెంటర్‌లో బొమ్మలు ప్రింట్ తీయించి అంటించి పంపిస్తారు. మనం గోడకి తగిలిస్తాం. ఇన్‌స్పెక్షన్ అయ్యాక అది బీరువా మీదకి చేరుతుంది. అందులో పిల్లలు కొత్తగా కనుక్కున్నది ఒక్కటీ ఉండదు.

నేను రాస్తున్నది వేరే రకం పని గురించి. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు గుంపులుగా కలిసి ఒక చిన్న ప్రశ్న పట్టుకుని, తిరిగి, చూసి, తూచి, జవాబు తెచ్చుకునే పని. ఒడిశాలో పర్లాకిమిడి పక్క ఊళ్లో ఒడియా మీడియం ప్రైమరీ బడిలో పాఠాలు చెప్తాను. మా క్లాసులో చాలామందికి ఇంట్లో తెలుగు, పుస్తకంలో ఒడియా, కొండ మీంచి వచ్చే కొందరికి సవర అనే గిరిజన భాష. రాయగడ, కొరాపుట్ వైపు పనిచేసే తెలుగు టీచర్లకీ, మరాఠీ బడులున్న సిరొంచ వాళ్లకీ ఇలాంటి క్లాసు కొత్త కాదు.

ప్రశ్న ఎంచుకోవడం దగ్గరే సగం పని అయిపోతుంది, కాబట్టి అక్కడ తొందరపడకండి. ఒక వారం పాటు పిల్లలు అడిగిన ప్రతి ప్రశ్ననీ గోడ మీద ఒక పాత క్యాలెండర్ వెనక రాయించండి. మంచిదా కాదా అని అప్పుడే తేల్చొద్దు. వారం చివర అందరినీ కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్నకీ ఒకటే పరీక్ష పెట్టండి: దీన్ని మనం చూసి గానీ, లెక్కపెట్టి గానీ, తూచి గానీ, ఎవరినైనా అడిగి గానీ తెలుసుకోగలమా? "ఉల్లిపాయ కోస్తే కళ్లెందుకు మండుతాయి" అన్నది చక్కటి ప్రశ్నే, కానీ జవాబు చివరికి టీచర్ నోట్లోంచే రావాలి. "సంతకి అంతమంది ఎందుకొస్తారు" అన్నది మరీ పెద్దది. మా క్లాసులో నిలబడింది ఒక ఐదో తరగతి పిల్ల అడిగినది: "దీదీ, మా అమ్మ పోగు కొంటాది, మా పిన్ని కాటా మీద తూయించి కొంటాది. ఎవరిది చౌక?"

పోగు అంటే తూచకుండా కుప్పగా పెట్టి, కుప్పకింత అని అమ్మేది. ఈ ప్రశ్న నాకు నచ్చడానికి మొదటి కారణం, దీని మీద ప్రతి ఇంట్లో వాదన ఉంది. రెండోది, జవాబు నాకూ తెలియదు. టీచర్‌కి జవాబు ముందే తెలిసిన ప్రశ్న అయితే పిల్లలు సంతని చూడరు, మన ముఖం చూస్తారు. మీ ఊళ్లో సంత లేకపోతే ఇంకోటి వెతుక్కోండి. వీధి కుళాయి కింద బిందె ఎంతసేపట్లో నిండుతుందో చూడొచ్చు, బడి ముందు రోడ్డు మీద ఏ రాష్ట్రం నంబరు బళ్లు ఎక్కువ వెళ్తాయో లెక్కపెట్టొచ్చు. పాతపట్నం మాకు పక్కనే, కానీ అది ఆంధ్ర. కాబట్టి బళ్ల లెక్క కూడా మాకు రసవత్తరంగానే ఉంటుంది.

బయల్దేరే ముందు ప్రతి పిల్లా తన ఊహ చెప్పాలి, చెప్పినదాన్ని కాగితం మీద పెట్టాలి. మేం రెండు డబ్బాలు పెట్టి, ఒకదాని మీద పోగు బొమ్మ, ఇంకోదాని మీద కాటా బొమ్మ గీశాం. ఒక్కొక్కరూ ఒక్క చింతగింజ వేయాలి, ఎందుకు వేశారో ఒక ముక్క చెప్పాలి. "పోగు మీద కొసరు వేస్తారు", "కాటాలో రాయి తేడా ఉంటాది", "పోగులో అడుగున పుచ్చులుంటాయి". ఇవన్నీ రాసి దాచండి. కొసరు అన్న మాట ఆ రోజు రాకపోతే, దాన్ని విడిగా తూచాలన్న ఆలోచనే మాకు వచ్చేది కాదు.

ఇక గుంపులు. మామూలుగా గుంపులంటే నలుగురు కూర్చుంటారు, చురుకైన ఒకరు రాస్తారు, మిగతా ముగ్గురూ చూస్తారు. దీనికి విరుగుడు 1971లోనే ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో ఆస్టిన్ ఊరి బడుల్లో కనిపెట్టాడు. అక్కడ తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లల్ని కొత్తగా ఒకే క్లాసులో కలిపినప్పుడు వాళ్ల మధ్య పడేది కాదు. ఆయన పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కో పిల్లాడికి ఒక్కో ముక్క మాత్రమే ఇచ్చాడు. పక్కవాడు చెప్పేది వినకపోతే ఎవరికీ పాఠం పూర్తి కాదు. జిగ్‌సా అంటారు దాన్ని. మన పనికి దాన్ని ఇలా మలుచుకోవచ్చు. ఒక గుంపు పోగులు కొంటుంది. ఒక గుంపు అదే సరుకు, అదే డబ్బుకి, కాటా మీద కొంటుంది. ఇంకో గుంపు అమ్మేవాళ్లతో మాట్లాడుతుంది. నాలుగో గుంపుది తూకం బల్ల. కొన్నవన్నీ తూచి రాసేది వాళ్లే. ఏ ఒక్క గుంపు దగ్గరా జవాబు పూర్తిగా ఉండదు. గుంపులోపల కూడా ఒకటే పుస్తకం, ఒకటే పెన్సిల్ ఇచ్చి, ప్రతి కొట్టు దగ్గరా పెన్సిల్ చెయ్యి మారాలన్న నియమం పెట్టండి. ఈ చిన్న నియమానికి పిల్లలు మొదట గింజుకుంటారు, పట్టు వదలొద్దు.

మాట్లాడే గుంపుని ఎంచుకునేటప్పుడు మార్కులు చూడకండి. చింతపండు, పసుపు, అల్లం, కొండ చీపుర్లు తెచ్చే ఆడవాళ్లలో చాలామంది సవరలు. ఒడియాలో నోరు విప్పని పిల్ల అక్కడ అందరికన్నా ముందు నడుస్తుంది. మిగతా వాళ్లు ఏం అడగాలో ఆమెకి చెప్పి, ఆమె చెప్పింది రాసుకోవాలి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి రాజా వారి బడిలో మాస్టారుగా ఉంటూనే సవర నేర్చుకున్నారు. ఇంత గొప్ప చెప్పుకునే ఊళ్లో మన క్లాసులో సవర పిల్లల్ని వెనక బెంచీలో కూర్చోబెట్టడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. రాతకి ఏ భాష అన్న గొడవ పెట్టుకోకండి. సరుకుకి బొమ్మ, లెక్కకి అంకె, మాటకి ఎవరికి వచ్చిన లిపి వాళ్లది.

సంతకి వెళ్లేముందు బడిలో రిహార్సల్ తప్పకుండా చేయించండి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా సరిపోతుంది. అది నిజం చెప్తుందో లేదో చూడటానికి విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టించండి. కవరు బరువు కూడా ఉంటుంది కాబట్టి కిలోకి కాస్త పైన చూపించాలి. బాగా తేడా వస్తే కాటా మార్చండి. బంగాళదుంపలతో మూడు నాలుగు ఉత్తుత్తి పోగులు పెట్టి, ఒకే పోగుని వేర్వేరు పిల్లలచేత తూయించండి. అంకెలు కొంచెం అటూ ఇటూ వస్తాయి. "ఎవరిది తప్పు?" అని పిల్లలు వెంటనే పోట్లాటకి దిగుతారు. ఎవరిదీ తప్పు కాకుండా కూడా తేడా రావచ్చని అర్థం కావడానికి ఇదే సరైన చోటు. ఆకుతో కలిపి తూచారా, కాటా వంకరగా ఉందా, చెయ్యి ఆనిందా అని వాళ్లే వెతకాలి. తర్వాత మూడుసార్లు తూచి, మధ్యలో వచ్చిన అంకె తీసుకోవాలని ఒప్పందం చేసుకోండి. సగటు లెక్క నాలుగో తరగతికి బరువు. మధ్య అంకె అయితే వేలు పెట్టి చూపించొచ్చు.

సంత రోజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇళ్ల నుంచి అనుమతి కాగితం, జతలు జతలుగా నడక, గుంపుకి ఒక పెద్ద మనిషి, నీళ్ల సీసాలు, ఎండ ముదరకముందే తిరుగు ప్రయాణం. కొన్న కూరగాయలు మధ్యాహ్న భోజనం వంటకి ఇచ్చేస్తామని ముందే చెప్పుకుంటే డబ్బు దండగ అన్న మాట రాదు. రెండు మూడు సరుకులు చాలు. పచ్చిమిర్చి, వంకాయ, చింతపండు లాంటివి పోగుగానూ, తూకంగానూ రెండు రకాలా దొరుకుతాయి.

అమ్మేవాళ్లతో మాట తీరు మాత్రం గట్టిగా నేర్పాలి. మనం వాళ్ల తప్పు పట్టుకోవడానికి వెళ్లడం లేదు. బేరం బాగా నడుస్తున్న మనిషిని ఆపి ప్రశ్నలు అడగకూడదు. ముందు కొనాలి, తర్వాత "పెద్దమ్మా, పోగు ఎంత పెట్టాలో ఎలా చూసుకుంటారు?" అని అడగాలి. పేరు రాసుకోకూడదు, ఫోటో తీయకూడదు. కొందరు చేతి గుప్పెడు లెక్క చెప్తారు, కొందరు గింజలు కొలిచే మానిక చూపిస్తారు, అడ్డ అనే ఇంకో పాత కొలత గురించి చెప్తారు. 1956లోనే మెట్రిక్ తూకాలకి చట్టం వచ్చింది, అయినా మా వైపు సంతల్లో మానిక ఇంకా బతికే ఉంది. ఒక మానికలో బియ్యం పోసి తూయమంటే పిల్లలు అదో కొత్త ప్రాజెక్టు చేసేస్తారు. ఆ ప్రశ్నని క్యాలెండర్ వెనక రాయించి, ఉన్న పని మీదకి మళ్లించండి.

లెక్క దగ్గర చాలామంది టీచర్లు ఇరుక్కుంటారు, కిలో ధర కట్టమంటారు కాబట్టి. ఇరవై రూపాయల పోగు 180 గ్రాములు తూగిందనుకోండి, కిలో ఎంత పడిందో కట్టడం నాలుగో తరగతి పిల్లాడికి టెన్షన్. ప్రశ్నని తిప్పండి: పది రూపాయలకి ఎన్ని గ్రాములు? ఇరవైకి 180 అయితే పదికి సగం, 90. కాటా మీద పది రూపాయలకి 100 వచ్చిందనుకోండి, ఇంక చూడాల్సిన పనే లేదు, 100 ఎక్కువ. కొన్న పోగులన్నిటికీ ఇలా కట్టించి, తక్కువ నుంచి ఎక్కువకి వరసగా పేర్పించండి, నడిమిది తీసుకోండి. కొసరు కలిపి ఒక వరస, కొసరు లేకుండా ఇంకో వరస. నేల మీద అగ్గిపెట్టెలు పేర్చి, పది గ్రాములకి ఒక పెట్టె లెక్కన పటం కట్టిస్తే మూడో తరగతి వాళ్లు కూడా వచ్చి చదువుతారు.

అసలు మెంటరుగా మన పని మొదలయ్యేది ఇక్కడే. గుంపుల లెక్కలు కలవవు. కలవకపోవడమే మంచిది. ఒక గుంపు మిర్చి పోగు చౌక అంటుంది, ఇంకో గుంపు కాటానే చౌక అంటుంది, గొంతులు లేస్తాయి. ఆ సమయంలో మనం నోరు తెరిచి తీర్పు చెప్తే అక్కడితో విచారణ ఆగిపోతుంది. నేను పెట్టుకున్నవి మూడే మాటలు. "నీకెలా తెలిసింది?" "పుస్తకంలో ఎక్కడుంది?" "ఇంకేం తేడా ఉండొచ్చు?" అడిగాక ఆగాలి. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యా పరిశోధకురాలు క్లాసుల్లో టీచర్లు ప్రశ్న వేశాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతారో పరిశీలించారు. సుమారు ఒక్క సెకనట. మూడు సెకన్లు ఆగితే పిల్లలు పెద్ద జవాబులు చెప్తారనీ, మాట్లాడేవాళ్ల సంఖ్య పెరుగుతుందనీ ఆవిడ 1970ల్లో చూపించారు. వినడానికి సులువే. కానీ క్లాసు మొత్తం మనకేసి చూస్తుంటే మూడు సెకన్లు చాలా పొడుగు. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి.

మా దగ్గర ఆ మౌనంలోంచి వచ్చిన మాట ఇది: "మేం వెళ్లగానే కొన్నాం దీదీ, వాళ్లు తిరిగొచ్చే ముందు కొన్నారు." రోజంతా పోగు ఒకలాగే ఉండదు. వెనక్కి మోసుకెళ్లలేని సరుకుకి చీకటి పడేముందు పోగు పెరుగుతుంది, చింతపండులా నిలవుండేదానికి అంతగా పెరగదు. ఇది నేను చెప్పి ఉంటే ఒక వాక్యం. వాళ్లు కనుక్కున్నారు కాబట్టి, రెండో సంతకి పిల్లలే ప్లాన్ వేసుకున్నారు: ఒకే మనిషి దగ్గర, ఒకే సరుకు, పొద్దున ఒకసారి, చివర్లో ఒకసారి. ఆఖరి విడత బడి వేళ దాటి పడింది, అందుకని ఇంట్లో పెద్దవాళ్లు సంతకి వెళ్లే పిల్లలకి మాత్రమే అప్పజెప్పాం. కాబట్టి ప్రాజెక్టుకి ఒక్క సంత సరిపోదు, మొదటినుంచీ రెండుకి సిద్ధపడండి. మొదటి సంత ప్రశ్నని సరిచేసుకోవడానికి, రెండోది జవాబుకి.

చివరికి ఏ వాక్యం రాయాలో కూడా పిల్లలే తేల్చాలి. "పోగు చౌక" అని రాస్తామంటారు. ఏ సరుకు, ఏ వేళ, ఏ సంత అని అడుగుతూ పోతే వాక్యం పొడుగవుతుంది, కానీ నిజమవుతుంది. వాళ్లకి తెలియనిది కూడా కింద రాయించండి: "వానాకాలంలో ఎలా ఉంటుందో చూడలేదు." ఆ వరుస కోసం నేను పోట్లాడతాను, దాన్ని కొట్టేయడానికి పిల్లలు చాలా ప్రయత్నిస్తారు.

తర్వాత అమ్మల్ని పిలిచి చెప్పించండి. చెప్పేటప్పుడు తమ గుంపు పని కాక పక్క గుంపు పని చెప్పాలని నియమం పెడితే, ఎవరు ఎవరి మాట విన్నారో అక్కడే బయటపడుతుంది. నేను మార్కులు వేసేది దానికీ, పుస్తకంలో చెయ్యి ఎన్నిసార్లు మారిందో దానికీ. జవాబు ఏం వచ్చిందన్నదానికి వేయను. మొదటి రోజు చింతగింజల డబ్బా తెచ్చి ముందు పెట్టొచ్చు, కానీ "నీ ఊహ తప్పింది" అని ఎవరినీ వేలెత్తి చూపొద్దు. ఊహ మార్చుకున్నవాళ్లు ఎందుకు మార్చుకున్నారో చెప్తే చాలు.

హెడ్‌మాస్టరు సిలబస్ సంగతేంటి అంటారు. బరువులు, డబ్బు లెక్క, పటాలు, పరిసరాల విజ్ఞానం, ఒక పేజీ రాత, ఒక పూట మాట్లాడటం, అన్నీ ఇందులో ఉన్నాయని పాఠాల పేర్లతో సహా ఒక కాగితం రాసి ముందే ఇవ్వండి. ఇంకా అడిగితే 2009 విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ చూపించండి. పనులు చేస్తూ, వెతుకుతూ, కనుక్కుంటూ నేర్చుకోవాలనీ, వీలైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలనీ అందులోనే ఉంది. పిల్లలు తమ ప్రాజెక్టులు చూపించే జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కి పదేళ్లు నిండినవాళ్లు వెళ్లొచ్చు కాబట్టి, మీ ఐదో తరగతిలో ఆ వయసు పిల్లలుంటే ఈ పుస్తకాలు పారేయకుండా దాచండి. క్యాలెండర్ వెనక మిగిలిపోయిన ప్రశ్నలు మాత్రం గోడ మీదే ఉంచండి, మానిక ప్రశ్నతో సహా. వచ్చే ఏడు నాలుగో తరగతి వాళ్లు అక్కడినుంచే ఎత్తుకుంటారు.