సెక్షన్ 74 (మహిళ గౌరవానికి భంగం) కింద కేసు నమోదైతే: హైదరాబాద్‌లో నిందితుడు మొదటి రోజు నుంచి చేయవలసినవి

"ఒకసారి స్టేషన్‌కు వచ్చిపోండి, సార్ మాట్లాడాలంటున్నారు" అని కానిస్టేబుల్ ఫోన్ చేసిన సాయంత్రమే చాలామంది రెండు తప్పులు చేస్తారు. మొదటిది, ఫిర్యాదు చేసిన మహిళకో, ఆమె బంధువులకో ఫోన్ చేసి నిలదీయడం లేదా బతిమాలడం. రెండోది, భయంతో ఫోన్‌లోని చాట్లన్నీ చెరిపివేయడం. మొదటి పని బెదిరింపు కేసుకు దారితీయవచ్చు, బెయిలు వాదనలో ప్రాసిక్యూషన్ చేతికి ఆయుధమవుతుంది. రెండోది సాక్ష్యం మాయం చేశారన్న మరో ఆరోపణకు తావిస్తుంది, పైగా నిందితుడికే పనికొచ్చే సందేశాలు కూడా దానితోనే పోతాయి. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ఈ తరహా కేసులు వాదిస్తున్న అనుభవంతో చెబుతున్నాను, మొదటి రెండు వారాల్లో జరిగిన నష్టాన్ని తరువాత ఎంత మంచి క్రాస్ ఎగ్జామినేషన్ చేసినా పూడ్చడం కష్టం.

ముందు ఆరోపణ ఏ సెక్షన్ కిందిదో తెలుసుకోవాలి. మహిళ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో, లేదా భంగం కలుగుతుందని తెలిసి, ఆమెపై దాడి చేయడం లేదా నేరపూరిత బలప్రయోగం చేయడం భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 74. పాత శిక్షాస్మృతిలో ఇదే 354. శిక్ష ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. ఇది నాన్‌బెయిలబుల్. లైంగిక వేధింపులకు సంబంధించిన సెక్షన్ 75 మాత్రం బెయిలబుల్, అంటే అందులో బెయిలు హక్కుగా వస్తుంది. ఘటన 2024 జులై 1కి ముందు జరిగి ఉంటే, ఫిర్యాదు ఎప్పుడు ఇచ్చినా పాత శిక్షాస్మృతి సెక్షన్లే వర్తిస్తాయి. ఫిర్యాది వయసు 18 ఏళ్లలోపైతే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం వస్తుంది, అందులో కొన్ని నేరాల విషయంలో నిందితుడి దోషిత్వాన్ని కోర్టు ముందే ఊహిస్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా చేర్చి ఉంటే ముందస్తు బెయిలుకు ఆ చట్టంలోని సెక్షన్ 18 అడ్డువస్తుంది. ఈ రెండూ వేరే దారులు, ఇక్కడ చెప్పే మాటలు వాటికి యథాతథంగా సరిపోవు.

లైంగిక నేరాల ఎఫ్‌ఐఆర్‌లను పోలీసు వెబ్‌సైట్‌లో ఉంచరు కాబట్టి అక్కడ కనిపించలేదంటే కేసు లేదని అనుకోవద్దు. న్యాయవాది ద్వారా స్టేషన్‌లో దరఖాస్తు పెట్టి నకలు తీసుకోవచ్చు. ఆ స్టేషన్ ఏ కోర్టు పరిధిలో ఉందో కూడా అప్పుడే నిర్ధారించుకోవాలి. నగరంలో ఉంటున్నాం గనుక నాంపల్లే అనుకుని బయలుదేరినవారు, తమ కేసు ఎల్‌బీ నగర్‌లోని రంగారెడ్డి కోర్టులోనో కూకట్‌పల్లి కోర్టులోనో ఉందని తెలిసి ఒక రోజంతా పోగొట్టుకోవడం నాకు కొత్త కాదు.

శిక్ష ఏడేళ్లలోపు కాబట్టి పోలీసులు సాధారణంగా నాగరిక సురక్షా సంహిత (పోలీసు, కోర్టు ప్రక్రియ చట్టం) సెక్షన్ 35(3) కింద హాజరు నోటీసు ఇస్తారు. ఇకపై చట్టం పేరు లేకుండా చెప్పే 482, 94, 262, 528, 183, 351 సెక్షన్లు ఈ సంహితలోవే. అవసరం లేని అరెస్టులు కూడదని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో అదే కోర్టు స్పష్టం చేసింది. అలాగని వాట్సాప్‌లో వచ్చిన నోటీసును పట్టించుకోకుండా కూర్చోవడం తెలివి కాదు. న్యాయవాది ద్వారా రాతపూర్వకంగా సమాధానమిచ్చి తేదీ ఖరారు చేసుకోవాలి. వెళ్లిన ప్రతిసారీ హాజరైన తేదీ, సమయం రాసిపెట్టుకోవాలి, ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు తీసుకోవాలి. విచారణ సమయంలో న్యాయవాదిని కలిసే హక్కు ఉంటుంది గాని, ఆయన మొదటి నుంచి చివరి వరకు పక్కనే కూర్చుంటారని అనుకోవద్దు. తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పనవసరం లేదన్న రక్షణ రాజ్యాంగంలోని 20(3) అధికరణ ఇస్తుంది. పోలీసులకు ఇచ్చిన నేరాంగీకారాన్ని కోర్టులో నిందితుడిపై రుజువు చేయడానికి వీల్లేదు. పేరు, చిరునామా, హాజరు విషయంలో సహకరిస్తూ, ఘటన వివరాలపై న్యాయవాదితో మాట్లాడాకే చెబుతానని మర్యాదగా అనడంలో తప్పేమీ లేదు.

అరెస్టు భయం నిజంగా ఉంటే సెక్షన్ 482 కింద ముందస్తు బెయిలుకు సెషన్స్ కోర్టును గాని హైకోర్టును గాని ఆశ్రయించవచ్చు. నాన్‌బెయిలబుల్ అంటే బెయిలు రాదని కాదు, ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు నిర్ణయిస్తుందని మాత్రమే. పిటిషన్‌లో ఫిర్యాది స్వభావం గురించి ఒక్క మాట కూడా రాయించవద్దు. స్థిర నివాసం, ఉద్యోగం, గతంలో కేసులు లేకపోవడం, నోటీసులకు హాజరైన రికార్డు, ఇవి చాలు. షూరిటీలను, అంటే పూచీ ఇచ్చేవారిని, ముందే మాట్లాడిపెట్టుకోవాలి, ఆర్డరు చేతికొచ్చాక షూరిటీ దొరక్క రెండు రోజులు తిరిగినవారున్నారు.

ఇక అసలు పని, సాక్ష్యం భద్రపరచడం. నిందితుడు న్యాయవాది కోసమే ఒక కాగితం రాయాలి: ఆ రోజు ఎక్కడినుంచి ఎక్కడికి, ఎన్ని గంటలకు, ఏ వాహనంలో, ఎవరితో వెళ్లారో. నా దగ్గరికి వచ్చిన ఒక యువకుడు "సాయంత్రం ఆఫీసులోనే ఉన్నాను సార్" అన్నాడు. యాక్సెస్ కార్డు రికార్డు తెప్పిస్తే 6.40కి బయటికి వెళ్లినట్టు, 7.25కి తిరిగి వచ్చినట్టు తేలింది. టీ తాగడానికి వెళ్లిన సంగతి అతనికి గుర్తు లేదు. బెయిలు పిటిషన్‌లో ఆ మాట అలాగే రాసి ఉంటే, చిన్న మరుపు పెద్ద అబద్ధంగా మారేది. సీసీటీవీ దృశ్యాలు కొన్ని వారాల్లోనే వాటంతటవే చెరిగిపోతాయి. కాబట్టి అపార్ట్‌మెంటు సంఘానికి, ఆఫీసుకు, దుకాణానికి ఫలానా తేదీ, ఫలానా సమయపు దృశ్యాలను భద్రపరచమని వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపాలి, దర్యాప్తు అధికారికి కూడా రాతపూర్వకంగా తెలపాలి. వారు ఇవ్వకపోతే సెక్షన్ 94 కింద కోర్టు ద్వారా తెప్పించుకోవడానికి ఆ లేఖ ఆధారమవుతుంది. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోవద్దు. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో చెల్లాలంటే సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) కావాలి. అసలు ఫోన్‌ను మార్చకుండా, రీసెట్ చేయకుండా ఉంచాలి.

వాదన ఏమిటన్నది వాస్తవాలను బట్టే ఉంటుంది. ఆ మనిషి నేను కాదన్నది ఒకటి, ఆ సమయంలో నేను అక్కడ లేనన్నది మరొకటి. తాకిడి జరిగింది గాని ఉద్దేశం లేదన్నది మూడోది. కిక్కిరిసిన బస్సులో బ్రేకు పడి మీద పడటానికి, చేయి వేసి పట్టుకోవడానికి ఉన్న తేడాయే సెక్షన్ 74లో ఉద్దేశం అన్న మాటకు అర్థం. వీటిని కలగాపులగం చేయడం ప్రమాదకరం: "నేను అక్కడ లేను, ఉన్నా పొరపాటున తగిలింది" అంటే రెండూ పోతాయి. ఫిర్యాదు ఆలస్యమైందన్న వాదన మీద కూడా పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, లైంగిక నేరాల్లో ఆలస్యం ఒక్కటే కేసును కూల్చదని సుప్రీంకోర్టు 1996లోనే గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. నమ్మదగినదైతే ఫిర్యాది ఒక్కరి సాక్ష్యం మీదే శిక్ష పడవచ్చు.

చార్జిషీటు దాఖలై నకళ్లు అందాక, విచారణకు ముందే కేసు నుంచి విడుదల కోరే డిశ్చార్జ్ పిటిషన్‌కు సెక్షన్ 262 ప్రకారం 60 రోజుల గడువు ఉంటుంది. ఫిర్యాదులో రాసినదంతా నిజమనుకున్నా నేరం కాదనిపిస్తేనే క్వాష్ (కేసు కొట్టివేత) కోసం సెక్షన్ 528 కింద హైకోర్టుకు వెళ్లడం మేలు. రాజీ పడితే కేసు పోతుందని చెప్పే మధ్యవర్తులను దగ్గరికి రానివ్వవద్దు. సెక్షన్ 74 రాజీకి వీల్లేని నేరం.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఫిర్యాది గత సంబంధాల గురించి, శీలం గురించి అడగడాన్ని చట్టం అడ్డుకుంటుంది, అడిగినా న్యాయమూర్తి ఎదుట మన పక్షమే చులకనవుతుంది. ఫలితమిచ్చేది వాంగ్మూలాల పోలిక. పోలీసులకు ఇచ్చినది, సెక్షన్ 183 కింద మేజిస్ట్రేటుకు ఇచ్చినది, కోర్టులో చెప్పినది పక్కపక్కన పెట్టుకోవాలి. ముఖ్యమైన తేడా కనిపిస్తే ఆ వాక్యాన్ని సాక్షికి చూపించి, రికార్డులో మార్క్ చేయించి (గుర్తు పెట్టించి), తరువాత దర్యాప్తు అధికారి చేత నిర్ధారింపజేయాలి. ఈ చివరి అంచెను మరచిపోతే పోలీసు వాంగ్మూలంలోని వైరుధ్యం రికార్డులో రుజువు కానట్టే.

ఘటన పనిచేసే చోట జరిగి ఉంటే పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి తెచ్చిన 2013 చట్టం కింద సంస్థలోని అంతర్గత కమిటీ విచారణ కూడా సమాంతరంగా నడుస్తుంది, అక్కడ ఇచ్చే ప్రతి జవాబునూ క్రిమినల్ న్యాయవాది ముందుగా చూడాలి. ఫీజు భరించలేనివారు న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం గురించి అడగవచ్చు.

ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక న్యాయమూర్తి సెక్షన్ 351 కింద ముద్దాయిని నేరుగా ప్రశ్నిస్తారు. అన్నింటికీ "అబద్ధం" అని ఒకే మాట చెప్పి దిగిపోయేవారే ఎక్కువ. అక్కడ రాతపూర్వక వివరణ ఇవ్వడానికి అవకాశం ఉంది. మొదటి రోజు న్యాయవాది కోసం రాసిన కాగితం, భద్రపరచిన రికార్డులు పక్కన పెట్టుకుని ఆ వివరణను వారం ముందే సిద్ధం చేసుకోవాలి.