డైసీ డీలా పడితే ముందు మొదలు చూడండి

ఏళ్ల తరబడి బతికే డైసీలకు మొండి మొక్కలని పేరు. శాస్తా డైసీ, గైలార్డియా, రుడ్బెకియా, ఎకినేషియా, ఏదైనా సరే, ఒకసారి నిలదొక్కుకుంటే వారాల తరబడి పూస్తాయి. అలాంటి మొక్క నీరసించిందంటే మన చెయ్యి ముందు ఎరువు మీదికే పోతుంది. కాస్త ఆగండి. కింద కూర్చుని, ఆకులు పక్కకు తీసి, కాడలు మట్టిలోంచి పైకి వచ్చే చోటు, అంటే మొక్క మొదలు చూడండి. సగం జబ్బులు అక్కడే బయటపడతాయి.

ఆకులు గుబురుగా ఉన్నా పూలు లేవు

కాడలు సన్నగా సాగి ఒక పక్కకు వాలితే ఎండ చాలడం లేదు. రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ తగిలే చోటికి మార్చండి. ఆకులు ముదురు పచ్చగా, మెత్తగా ఉంటే నత్రజని ఎక్కువైంది. ఆ సీజన్‌కి ఎరువు మానేయండి, అంతే. విత్తనంతో పెంచిన శాస్తా డైసీ మొదటి ఏడాది పూయకపోవడం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు.

దుబ్బు నడుమ బోడిగా, చుట్టూ పచ్చగా ఉంది

ఇది జబ్బు కాదు, వయసు. కొత్త పిలకలు ఏటా బయటి వైపుకే వస్తాయి, నడుమ పాత భాగం చేవదేరి ఎండిపోతుంది. ఎంత నీళ్లు పోసినా అది తిరిగి చిగురించదు. శాస్తా డైసీకి రెండు మూడేళ్లకోసారి ఈ పని తప్పదు. పూత అయ్యాక చల్లని రోజుల్లోనో, కొత్త చిగుళ్లు వచ్చే ముందో దుబ్బు మొత్తం పారతో లేపి, పదునైన కత్తితో ముక్కలు చేయండి. ఒక్కో ముక్కకు మూడు నాలుగు పిలకలు, వాటి వేళ్లు ఉండాలి. నడుమ భాగం పారేసి, మిగతావి మునుపటి లోతులోనే నాటండి.

విత్తనాలు చల్లుకుంటే పోలేదా అంటారేమో. శాస్తా డైసీ అమెరికాలో కొత్త మొక్కలు సృష్టించిన లూథర్ బర్బాంక్ రకరకాల డైసీలను సంకరం చేసి 1901లో తెచ్చిన మొక్క. దాని విత్తనాలు తల్లిలాగే వస్తాయన్న హామీ లేదు, ముక్కలు మాత్రం అచ్చం తల్లే. ఎకినేషియాను మాత్రం ఊరికే కదిలించకండి, దానికది పడదు.

మట్టి తడిగానే ఉంది, మొక్క వాడుతోంది

ఇంకా నీళ్లు పోశారంటే మొక్క పోయినట్టే. ఒక పిలకను మెల్లగా లాగండి. గోధుమ రంగులో జిగటగా ఊడి వచ్చి, వాసన కొడితే మొదలు కుళ్లింది. ఈ మొక్కలు చలికి తట్టుకుంటాయి, చలికాలంలో నిలిచిన తడికి తట్టుకోలేవు. గట్టిగా, తెల్లగా వేళ్లున్న భాగాలను కోసి తీసుకుని, నీరు నిలవని ఎత్తు మడిలో నాటండి. ఎండుటాకుల పరుపు కాడలకు ఆనకుండా చూడండి.

పూత తొందరగా ఆగిపోతోంది

పువ్వు నడిమి బొడిపెను దగ్గరగా చూడండి. అది వందలాది చిట్టి పూల గుత్తి. అవి అంచు నుంచి లోపలికి వరుసగా విచ్చుకుంటాయి. చివరి వరుస కూడా విచ్చి, బొడిపె ఉబ్బి గోధుమ రంగుకు తిరిగిందంటే మొక్క బలమంతా విత్తనాలకు పోతోంది. అప్పుడే కత్తిరించండి. పువ్వు తల మాత్రం తుంచితే మోడు కాడ మిగులుతుంది. కింద పక్క మొగ్గ కనిపించేదాకా దిగి, దానికి కాస్త పైన కోయండి.

పేనుబంక పడితే నీళ్లు జోరుగా కొట్టి రాల్చండి. బూడిద తెగులు కనిపిస్తే కాడలు పలచన చేసి గాలి ఆడనివ్వండి.

రేకులు ఆకుపచ్చగా మారి, పువ్వులోంచి ఆకులు వస్తున్నాయి

దీనికి మాత్రం మొదలు చూసి లాభం లేదు. ఆకులు కూడా పాలిపోయి, కాడలు వంకర తిరిగితే ఆస్టర్ ఎల్లోస్ అనే తెగులని అనుమానించాలి. దీపపు పురుగులు మోసుకొచ్చే ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది, మందు లేదు. మొక్కను వేళ్లతో సహా పీకేయండి. ముద్దుగా పెంచుకున్నదాన్ని పీకడానికి మనసొప్పదు, నిజమే. కానీ అది ఉన్నన్నాళ్లూ పురుగులు దాని రసం పీల్చి పక్క డైసీల మీద వాలుతూనే ఉంటాయి.